టేపులో లేని అంగుళం

వీధిలో అందరూ ఆమెను తెరచాటు టైలరమ్మ అంటారు. ముందు గదికీ వెనక గదికీ మధ్య కట్టిన ముదురు నీలం తెర వల్ల వచ్చిన పేరది. తెర ఇవతలి నుంచి చూస్తే మామూలు టైలరు షాపే: ఒక బల్ల, రెండు కుర్చీలు, గోడకో అద్దం. అసలు పని తెర అవతల. ఆడవాళ్ళు లోపల వేసుకునేవి ఒక్కొక్కరి ఒంటికీ కొలత తీసి, ఒక్కొక్కటిగా కత్తిరించి కుడుతుంది. బోర్డు మీద మాత్రం 'లేడీస్ టైలర్' అనే ఉంటుంది. మిగతాది నోటిమాటగా తెలియాల్సిందే, అదీ చెవిలో చెప్పుకునే నోటిమాటగా.

ఈ పనికి ఉన్న పెద్ద శాపం ఏమిటంటే, బాగా కుట్టావని నలుగురిలో అనేవాళ్ళు ఉండరు. గౌను బాగుంటే ఎక్కడ కుట్టించావని అడుగుతారు. ఇది బాగుంటే ఆ మనిషి కాస్త నిటారుగా నడుస్తుంది, అంతే. తెర వెనక ఉన్నంతసేపూ నడుం నొప్పి దగ్గర్నుంచి అత్తగారి నస దాకా అన్నీ చెప్పుకునే ఆడవాళ్ళు, బజారులో ఎదురుపడితే టమాటాలు ఏరడంలో మునిగిపోతారు. ఏరు దాటేదాకా ఓడమల్లయ్య, దాటాక బోడిమల్లయ్య. ఊళ్ళో సగంమంది ఆడవాళ్ళ ఒళ్ళు ఆమెకు పావంగుళం తేడా లేకుండా తెలుసు. ఆమెకు చక్కెర జబ్బుందని వాళ్ళలో ఒక్కరికీ తెలియదు. మొదట్లో బాధపడేది. తర్వాత తనే ముందు తల తిప్పుకోవడం నేర్చుకుంది, పాపం వాళ్ళకి ఇబ్బంది లేకుండా.

కుట్టుపని అమ్మ దగ్గర నేర్చింది. ఈ పని మాత్రం ఫ్యాక్టరీలో పట్టుబడింది. అక్కడ పదకొండేళ్ళు భుజం పట్టీలు మాత్రమే కుట్టింది. కప్పులు ఇంకో లైనువాళ్ళవి, హుక్కులు వేరేవాళ్ళవి. మొత్తం వస్తువు ఎలా తయారవుతుందో చూడాలనిపించి, పాడైందని పారేసినది ఒకటి ఇంటికి తెచ్చి, కుట్లన్నీ విప్పి, ముక్కలు కాగితం మీద పరిచింది. అరచేతిలో ఇమిడిపోయే బ్రాలో ఇరవై రెండు ముక్కలు లెక్క తేలాయి. ఆ రోజు నుంచి ఆమెకు వేరే ధ్యాస లేదు. పెళ్ళెందుకు చేసుకోలేదని అడిగితే తీరిక దొరకలేదనేది. ఇప్పుడు అలా అడిగేవాళ్ళు కూడా లేరు.

ఉన్నది ఒక్క అక్క. ఆ అక్కతో మాటల్లేక తొమ్మిదేళ్ళు.

బావ రిటైరైన రోజు అక్క ఇంట్లో భోజనాలు పెట్టారు. బావ ఆఫీసువాళ్ళ భార్యలు ఒక బల్ల చుట్టూ కూర్చున్నారు. మీ చెల్లెలు ఏం చేస్తారని వాళ్ళలో ఒకావిడ అడిగితే, అక్క నీళ్ళు నమిలి, చిన్నపిల్లల గౌన్లు కుడుతుందని చెప్పింది. చెల్లెలు ఊరుకుంటే పోయేది. కానీ ఊరుకునే రకం కాదు.

"గౌన్లు కాదండీ, బ్రాలు. చిన్నపిల్లలకి కాదు, మీలాంటి వాళ్ళకే," అంది.

ఆ బల్ల దగ్గర ముగ్గురు ఆమె చేత కుట్టించుకున్నవాళ్ళే. ఆ పూట వేసుకొచ్చినవీ ఆమె కుట్టినవే. ముగ్గురూ తేలు కుట్టిన దొంగల్లా కంచాల్లోకి చూస్తూ కూర్చున్నారు. వాళ్ళలో ఒక్కరు నవ్వేసి ఊరుకున్నా అక్క పరువు నిలబడేది. అందరూ వెళ్ళాక అక్క చేతులు కడుక్కుంటూ, నీ పని నువ్వు చేసుకో, మా గడప మాత్రం తొక్కకు అంది. చెల్లెలు తొక్కలేదు. పంతం ఇద్దరికీ ఉంది, ఒక తల్లి పిల్లలు కదా మరి.

ఆ తొమ్మిదేళ్ళూ ఎలా గడిచాయంటే, పనిలో గడిచాయి. కత్తిరింపు బల్ల ఒక మూల లేసు ముక్కలు పక్కకు తోసి, అక్కడే పళ్ళెం పెట్టుకుని తినేది. ఫోను మోగితే అది ఎప్పుడూ కొలతల గురించే. ఎప్పుడైనా కొత్త నంబరు కనబడితే, అక్కేమో అని కత్తెర పక్కన పడేసేది. ఎత్తితే అవతల ఎవరో గొంతు తగ్గించి, అవి కుడతారటగా అని అడిగేవారు. ఏవమ్మా అంటే, అవేనండీ అనేవారు. అక్కకు తనే ఫోను చెయ్యొచ్చుగా అని మనసు అంటే, పొమ్మన్నవాళ్ళే రమ్మనాలి అనుకునేది. అలా అనుకున్న రోజున పని ఎక్కువ చేసేది.

రెండేళ్ళ క్రితం తెలియని నంబరు నుంచి ఒక ఆర్డరు వచ్చింది. పేరు లేదు. అందులో వింత లేదు, దూరం నుంచి రాసేవాళ్ళు చాలామంది పేరు పెట్టరు. కొలతలు రాసి, రెండు తెల్లవి కావాలి, పార్సెలు కొరియరు ఆఫీసులోనే ఉంచండి, మనిషి వచ్చి తీసుకుంటారు అని ఉంది. కుట్టి పంపింది. వారం తిరక్కుండా జవాబొచ్చింది: అన్నిచోట్లా వదులు.

ఎంత వదులో రాయమంది. చుట్టూ అంగుళం, భుజం దగ్గర అంగుళం అని వచ్చింది. మళ్ళీ కొలిచి పంపమంటే పాత అంకెలే వచ్చాయి, పావంగుళం కూడా తేడా లేదు. టైలరమ్మ పెన్సిలు చెవి వెనక దోపుకుని, ఆ అంకెలు రాసుకున్న కాగితం ముందు కూర్చుంది. చేతకాక కొలిచేవాళ్ళ తప్పులు ఆమెకు కొట్టినపిండి. టేపు వదులుగా పట్టుకుంటే పెద్ద కొలతలో పెద్ద తప్పు, చిన్న కొలతలో చిన్న తప్పు వస్తుంది. ఇక్కడ ముప్పై ఆరంగుళాల దగ్గరా అంగుళమే, తొమ్మిదంగుళాల దగ్గరా అంగుళమే. అంటే మనిషి సరిగ్గానే కొలుస్తోంది. టేపులోనే అంగుళం లేదు.

అంగుళం లేని టేపు ఆమె ఎరిగినంతలో ఈ లోకంలో ఒక్కటే ఉంది. అది అమ్మది. చివరన ఇత్తడి బిళ్ళ ఊడిపోయి, మొదటి అంగుళం పీచులు లేచిపోతే, అమ్మ ఒకటో గీత దగ్గరికి కచక్కున కత్తిరించేసింది. కొత్తది కొనొచ్చుగా అని తనంటే, బాగానే ఉందిగా, ఒకటి తీసేసుకుంటే సరి అంది. అప్పట్నుంచి అక్క టేపు చూసి అంకె చదివేది, అమ్మ మనసులోనే ఒకటి తీసేసి కాగితం మీద వేసేది. అక్క ముప్పై నాలుగంటే అమ్మ ముప్పై మూడని రాసేది. పక్కన కూర్చుని చూసే చెల్లెలికి ఆ తీసివేత బళ్ళో నేర్పకముందే వచ్చేసింది. అమ్మ పోయాక మిషను చెల్లెలికి వచ్చింది. గుర్తుగా టేపు అక్క తీసుకెళ్ళింది.

టైలరమ్మ ఆ కాగితం మీద తల పెట్టుకుని ఏడ్చింది. చాలాసేపే ఏడ్చింది. తర్వాత లేచి మొహం కడుక్కుని, అన్ని అంకెల్లోంచీ ఒకటి తీసేసి, మళ్ళీ కత్తిరించింది.

నువ్వేనా అక్కా అని రాయడానికి ఫోను ఎన్నిసార్లు తీసిందో లెక్క లేదు. రాస్తే అక్క సిగ్గుపడి ఈ కాస్త దారీ మూసేస్తుందని భయం. అందుకే నోరు కట్టేసుకుంది. రెండోసారి పంపినదానికి 'సరిపోయాయి' అని జవాబొచ్చింది. ఆ ఒక్క మాటను ఎన్నిసార్లు చదువుకుందంటే, ఎవరైనా చూస్తే నవ్వేవారు. చూసేవాళ్ళు లేకపోవడంలో ఉన్న సుఖం అదొక్కటే. అక్క కావాలనే అమ్మ టేపుతో కొలిచిందనీ, ఆ తీసివేతే తమ ఇద్దరి మధ్యా మాటనీ నమ్మేసింది. నాలుగైదు నెలలకోసారి ఆర్డరు వచ్చేది. అక్క ఒంటికి ఏదైనా ఇట్టే గుచ్చుకుంటుందని అంచులు మెత్తటి పాత నూలుగుడ్డతో మడిచేది. అక్క వాటి గురించి ఏమీ రాసేది కాదు.

మూడో ఆర్డరులో హుక్కులు వెనక వద్దు, ముందు పెట్టండి అని ఉంది. చెయ్యి వెనక్కి తిరగడం లేదన్నమాట, వయసుకి అందరికీ వచ్చేదేలే అనుకుంది. నాలుగో దాంట్లో చుట్టుకొలత రెండంగుళాలు తగ్గింది. చిక్కింది కాబోలు, నడుస్తోందేమో అనుకుంది. అనుకుందే గానీ ఆ రాత్రి సరిగా నిద్ర పోలేదు. ఐదోది మొన్న చలికాలంలో వచ్చింది. కుడి వైపు కొలతలన్నీ ఉన్నాయి. ఎడమ వైపు అంకెల చోట అడ్డగీత పెట్టి ఉంది. కింద, ఆ పక్క దూది పెట్టుకునే జేబు ఉండాలి అని రాసింది.

ఇలాంటివి టైలరమ్మ లోగడ కుట్టింది. రొమ్ము ఆపరేషనైన ఒళ్ళు అంకెలకు లొంగదు. కుట్లు ఎక్కడ ఎత్తుగా ఉన్నాయో, ఎక్కడ తాకితే జివ్వుమంటుందో వేలితో తెలుసుకోవాలి. ఇక భయపడి లాభం లేదు. ఇది రాతకోతలతో అయ్యేది కాదు, మనిషి కావాలి, మీరు రాగలరా అని పంపింది. రాలేనని వచ్చింది. నేనే వస్తానంది. రెండు రోజులు ఏమీ రాలేదు. మూడో రోజు అడ్రసు వచ్చింది, ఆమెకు కంఠతా వచ్చిన అడ్రసే.

తలుపు బావ తీశాడు. రా అన్నాడు, గది చూపించాడు, మందుల చీటీ పట్టుకుని వెంటనే బయటికి వెళ్ళిపోయాడు. అక్క కిటికీ దగ్గర కుర్చీలో కూర్చుని ఉంది. తల మీద గుడ్డ చుట్టుకుంది. చిన్నప్పుడు చెల్లెలి జడ లాగి ఏడిపించిన మనిషి, చంకన వేసుకుని తీసుకుపోయేంత చిక్కిపోయి ఉంది.

అక్క బిత్తరపోయింది. అడ్రసు చూశాక చెల్లెలు రాదు, షాపులో పనిచేసే మనిషినెవరినో పంపుతుందనుకుందట. అడ్రసు పంపేదాకా చెల్లెలికి తనని పోల్చుకునే వీలే లేదని, అంత జాగ్రత్త పడ్డానని చెప్పింది. బజారులో కొన్నవన్నీ ఒరుసుకుపోతుంటే నీవి బాగుంటాయని విన్నాను, నేనని తెలిస్తే కుట్టవేమోనని పేరు పెట్టలేదంది. మొదటి ఆర్డరు నుంచీ తెలుసని చెల్లెలు అంటే, మరి ఎలా పోల్చావని అడిగింది.

"అంగుళం వల్ల."

"ఏ అంగుళం?" అంది అక్క.

టైలరమ్మ కుర్చీ లాక్కుని కూర్చుంది. రెండేళ్ళుగా అక్క తనతో మాట్లాడుతోందనుకుంది. అక్కకు ఆ తీసివేత సంగతే తెలియదు. అక్క పని చదవడం, రాసింది అమ్మ. తను కుట్టి పంపినవన్నీ, ఎవరికో తెలియకుండా కుట్టినవనే అక్క లెక్క, అంతే. ఆ రెండేళ్ళూ కూడా తను ఒంటరిగానే ఉందని అప్పుడు తెలిసింది. అయినా సంగతంతా చెప్పింది. అక్క సొరుగులోంచి టేపు తెప్పించుకుని, ఆ కత్తిరించిన కొసను వేళ్ళ మధ్య పట్టుకుని తిప్పి తిప్పి చూసింది.

"అయితే చిన్నప్పట్నుంచీ నేను తప్పే చదివానన్నమాట."

"తప్పెందుకవుతుంది? వినేవాళ్ళకి తెలుసుగా."

తర్వాత కొలతలు తీసింది. తను తెచ్చుకున్న కొత్త టేపే, మొదటి అంగుళం ఉన్నదే. కుట్ల మీద టేపు ఒత్తుకోకుండా రెండు చేతులూ అడ్డం పెట్టాల్సి వచ్చింది. అంకె చూడడానికి తల వంచితే కళ్ళద్దాలు జారుతున్నాయి. నువ్వు చదువక్కా అంది. అక్క చదివింది, చిన్నప్పటిలాగే ప్రతి అంకెనూ సాగదీస్తూ. చెల్లెలు చెయ్యి ఖాళీ అయినప్పుడల్లా రాసుకుంది. ఆ పాత గొడవ సంగతి ఇద్దరూ ఎత్తలేదు. వెళ్ళొస్తానంటే అక్క సరే అంది. మళ్ళీ ఎప్పుడొస్తావని అడగలేదు. బస్సులో కూర్చుని, అడగలేదు అడగలేదు అని దారిపొడుగునా అనుకుంది.

ఇరవై రెండు ముక్కలూ మెత్తటి గుడ్డతో కత్తిరించి, మూడు రోజులు కూర్చుని కుట్టింది. ఇంత శ్రద్ధగా తన జన్మలో ఏదీ కుట్టలేదు. పార్సెలు పంపిన నాలుగో రోజు ఫోను మోగింది. రాత కాదు, అక్క గొంతు.

"ఇరుకైందే. హుక్కు అందడం లేదు."

ఎంత ఇరుకని అడిగింది. చుట్టూ అంగుళం, భుజం దగ్గరా అంగుళమే అంది అక్క. టైలరమ్మ కొలతల కాగితం తీసి చూసుకుంది. చేతిలో టేపు కొత్తదే, కానీ ప్రతి అంకెలోంచీ ఒకటి తీసేసి రాసింది. ముప్పై ఏళ్ళ పనిలో ఇలాంటి పొరపాటు ఎరగదు. సిగ్గుతో చచ్చిపోతూ ఆ మాటే అక్కకు చెప్పింది.

"అది అమ్మ టేపు కాదు కదా, ఎందుకు తీసేశావు?" అంది అక్క.

"నువ్వు చదివావు కదక్కా," అంది.

 ఆ వెంటనే, తిరిగి పంపించు, సరిచేసి ఎల్లుండికల్లా పంపేస్తాను అని గబగబా చెప్పింది.

"పంపను," అంది అక్క. "నువ్వే వచ్చి ఇక్కడ కూర్చుని సరిచెయ్యి. ఎన్నాళ్ళు పడితే అన్నాళ్ళు పట్టనీ."

అంగుళం అతుకు వెయ్యడం అరగంట పని. టైలరమ్మ నెల రోజులకు సరిపడా బట్టలు సర్దుకుంది.