షిఫ్టు నాది

చెన్నై అంబత్తూరులోని మా ఫ్యాక్టరీలో నన్ను ప్రెస్ షాపు షిఫ్టు ఇన్‌ఛార్జిని చేసినప్పుడు అందరికంటే ఎక్కువ బాధపడినవాడు మా పెద్ద ఆపరేటరు. ఇనుప రేకుల్ని అచ్చుల్లో నొక్కి కార్ల విడిభాగాలు చేసే యంత్రాలు మావి. నేను బళ్ళో చేరకముందు నుంచీ ఆయన వాటి ముందు నిలబడి ఉన్నాడు. ఆ కుర్చీ తనకే వస్తుందనుకున్నాడు. డిప్లొమా చదివిన మాధవరం పిల్లకి, అంటే నాకు, వచ్చింది. మిగతావాళ్ళు మేడం అనడం మొదలుపెట్టినా ఆయన మాత్రం పాపా అనే పిలిచేవాడు.

ఆ ఉదయం సరుకు తీసుకెళ్ళాల్సిన లారీ గేటు లోపలే ఉంది. పెద్ద ప్రెస్సు మామూలుకంటే వేగంగా నడుస్తోందని దాని చప్పుడే చెప్పింది. దగ్గరికి వెళ్ళాను. ఆ ప్రెస్సుకి ఒక సెన్సరు ఉంటుంది. చెయ్యి లోపల ఉన్నంతసేపూ అచ్చు కిందికి దిగనివ్వదు. పెద్ద ఆపరేటరు చెయ్యి ఇంకా పూర్తిగా బయటికి రాలేదు. అచ్చు దిగడం మొదలైంది. యంత్రాన్ని ఆపే ఎర్ర బటన్ ఎప్పుడు నొక్కానో నాకే తెలియదు.

"ఎందుకాపినావు పాపా?"

"సెన్సరు పని చెయ్యడం లేదన్నా."

"నాకు తెలుసు. అది అడ్డం రాకుండా నేనే చెప్పి వైరు కలిపించినా. అది ఉంటే టార్గెట్ అందదు. లారీ ఆడ నిలబడుండాది, చూసినావు కదా. ఆన్ చెయ్."

చెయ్యనన్నాను. ఎవరో వెళ్ళి చెప్పినట్టున్నారు, మేనేజరు వచ్చాడు. ఆయన గొంతంటే షాపులో అందరికీ భయం. రోజూ పొద్దున మీటింగులో అందరం నిలబడేవాళ్ళం. క్రితం రోజు ఎవరి పని తగ్గితే వాళ్ళని ముందుకి పిలిచి తిట్టేవాడు. ఆ తిట్లు తప్పించుకోవడానికి మా షాపులో ఎన్ని తప్పులు దాచిపెట్టేవాళ్ళో నాకు తెలుసు.

"నువ్వు పక్కకి పో. వయసువాళ్ళు ఇంకా వేగంగా నడుపుతారు," అని నాకు చెప్పి, నాతో పాటే ఉద్యోగంలో చేరిన అమ్మాయిని పిలిచాడు. ఆమె చేతి తొడుగులు వేసుకోలేదు. బాగు చేశాక నడుపుతాను సార్ అని తమిళంలో మెల్లగా అంది. పక్క యంత్రం కుర్రవాడిని పిలిచాడు. అతను తల దించుకున్నాడు కానీ కదల్లేదు. వాళ్ళిద్దరి ఉద్యోగాలూ నా వల్లే పోతాయనుకున్నాను.

చివరికి పెద్ద ఆపరేటరే ముందుకొచ్చాడు. నా చెయ్యి ఇంకా బటన్ మీదే ఉంది.

"చెయ్యి తియ్యి పాపా. నా చేతికేమైనా అయితే నేను పడతా."

"చెయ్యి మీదేనన్నా. షిఫ్టు నాది."

అంత మాట ఎలా అన్నానో. ఆయన ముఖం నల్లబడింది. అందరి ముందూ కొట్టినట్టు అయిందాయనకి. కానీ తోసెయ్యలేదు. ఇక ఎవరూ నడపరని తేలాక మేనేజరు ఎలక్ట్రీషియన్‌కి ఫోన్ చేశాడు. లారీ సగం సరుకుతో వెళ్ళిపోయింది.

భోజనాలయ్యాక యజమాని మేనేజరునీ, పెద్ద ఆపరేటరునీ, నన్నూ తన గదికి రమ్మన్నారు. బయట బెంచీ మీద ఉండగా అమ్మ ఫోన్ చేసింది. జరిగింది చెప్పాను. "ఉండే ఉద్యోగం ఊడగొట్టుకోబాక తల్లీ. సారీ చెప్పేసి రా," అంది. అంతలో లోపలికి పిలిచారు.

"సెన్సరు తీసింది ఎవరు?" యజమాని అడిగారు.

మేనేజరు నా వైపు చూశాడు. పెద్ద ఆపరేటరు నేల వైపు చూశాడు. ఆయన పేరు చెప్తే నా తప్పేమీ ఉండదు. ఆయన ఉద్యోగం ఉండదు.

"ఎవరు తీశారని అడిగితే రేపటి నుంచి ఎవరూ ఏమీ చెప్పరు సార్. ఎందుకు తీయాల్సి వచ్చిందో అడగండి," అన్నాను.

పెద్ద ఆపరేటరు తల ఎత్తకుండానే అన్నాడు: "నేనే సార్. టార్గెట్ తగ్గితే పొద్దున ఆ పిల్లోళ్ళ ముందర నిలబెట్టి తిట్టేది నన్నే కదా. ఈ వయసులో అది పడలేక."

మేనేజరు ఏదో అనబోయాడు. యజమాని చెయ్యెత్తి ఆపారు. నన్ను బయటికి వెళ్ళమన్నారు.

ఎవరి ఉద్యోగమూ పోలేదు. సెన్సరు పెట్టెకి తాళం పడింది, టార్గెట్ కొంత తగ్గింది. మేనేజరు మాత్రం నెలల తరబడి నాతో పనికి మించి ఒక్క మాట మాట్లాడలేదు. పొద్దున మీటింగు ఏ షిఫ్టుకి ఆ షిఫ్టు పెట్టుకోమన్నారు యజమాని. నేను మావాళ్ళని టీ బల్ల చుట్టూ కూర్చోమన్నాను. నిన్న చెడిపోయిందేమిటో చెప్పండి, చెప్పినవాళ్ళని ఎవరూ ఏమీ అనరు అన్నాను. పక్క షిఫ్టువాళ్ళు మమ్మల్ని బాలవాడి పిల్లలని నవ్వేవారు. మొదట్లో చిన్నవాళ్ళే మాట్లాడారు. పెద్ద ఆపరేటరు వచ్చి, చివర కూర్చుని, టీ తాగి వెళ్ళిపోయేవాడు.

మరుసటి ఏడు నన్ను షాపు మొత్తానికి ఇన్‌ఛార్జిని చేశారు. ఆ ఉత్తర్వు మీద మేనేజరు సంతకం కూడా ఉంది. ఏమనుకుంటూ పెట్టాడో నాకెప్పటికీ తెలియదు.

ఆ వారంలోనే ఒక ఉదయం పెద్ద ఆపరేటరు టీ గ్లాసు బల్ల మీద పెట్టి, "నిన్న అచ్చు బిగించడంలో నేను తప్పు చేసినాను. రేకులు చానా పాడైపోయినాయి," అన్నాడు.

ఎవరైనా నవ్వుతారేమోనని అందరి ముఖాలూ చూశాను. ఒక్క నవ్వు వినబడినా ఆ మనిషి ఇంక నోరు విప్పడు.

"ఏ వైపు బోల్టన్నా?" అని అడిగింది, ఆ రోజు తొడుగులు వేసుకోని అమ్మాయి.

"ఎడమ పక్కది. రా, చూపిస్తా," అని ఆయన లేచాడు. ఆమె వెనకే ఇంకో ఇద్దరు లేచి వెళ్ళారు.