వేలంలో నోరెత్తని ఆర్విల్

నిజం ఆటగాళ్లతో కాగితం మీద జట్లు కట్టే బేస్‌బాల్ లీగ్‌ను అమెరికాలో మా అయోవా ఊళ్లో పెట్టింది నేనే, నాలుగుసార్లు గెలిచిందీ నేనే. ఏ జట్టు జీతాలూ పరిమితి దాటకూడదు.

మా లీగ్‌లోని మెర్ల్ గుండె ఆపరేషనై మంచంలో ఉండగా, ఇంకో జట్టున్న మంగలి ఆర్విల్ అతని దగ్గర బంతి విసిరే చవక జీతపు కుర్ర పిచర్ని తీసుకుని, బదులుగా మూడేళ్ల ఖరీదైన ఒప్పందమున్న ముసలి బ్యాటర్ని అంటగట్టాడు. కప్పు గెలిచాడు గానీ, మెర్ల్ ఎదురైతే తలెత్తలేకపోయాడు.

వసంతంలో, ఏటా మేం ఆటగాళ్లను పాడుకునే వేలానికి, ఆర్విల్ ఆ కుర్రాణ్ణి తనే వదిలేశాడు. పరిమితిలో మిగిలిన కాస్తా పెట్టి మెర్ల్ పాడాడు. ఆర్విల్ నోరెత్తలేదు. చూసి నేనూ ఊరుకున్నాను, మిగతావాళ్లూ ఊరుకున్నారు.

“ఏరా, నోరు పడిపోయిందా?” అన్నాడు మెర్ల్.

“గొంతు బాగాలేదురా.”

“గొంతు కాదు, మనసు. ఆ ముసలాణ్ణి కూడా తీసుకుపో!”

ఆర్విల్ అక్కడికక్కడే తీసుకున్నాడు.