తొట్టెల దాకా నడిచిన నలుగురం

ఆ ఫోటోల వాట్సాప్ గ్రూపులో నేను మేధావిని. బయట, కరీంనగర్‌లో, పెళ్లి ఫోటోలు తీస్తాను. ఈ రెండో సంగతి గ్రూపులో ఎవరికీ తెలియదు. తెలియకుండా మూడేళ్లు నెట్టుకొచ్చాను.

మొదలైంది ఒక నీటి గుంటతో. వాన వెలిసిన రోడ్డు మీద కరెంటు స్తంభం నీడను నలుపు తెలుపులో తీసి, కింద ‘నిశ్శబ్దం’ అని రాసి ఫేస్‌బుక్‌లో పెట్టాను. నిజానికి అప్పుడే ఒక బరాత్‌లో డీజే బండి ముందు రెండు గంటలు నిలబడి, చెవులు దిబ్బడ వేసి ఇంటికి వస్తున్నాను. నా వరకు అది నిశ్శబ్దమే, ఏమీ వినపడలేదు. ఆ ఫోటో చూసి ఆదిలాబాద్ నుంచి ఒక పెద్దాయన ‘ఇందులో లోతుంది’ అని రాశాడు. గుంట లోతు జానెడు. అయినా ఆ మాటకు ఉబ్బిపోయాను. పెళ్లి ఫోటోలకు ఎవరూ అట్లా అనరు. ‘నేను నల్లగ పడ్డ’ అంటారు, అంతే.

ఆ పెద్దాయనే నన్ను గ్రూపులో చేర్చాడు. అటవీ శాఖలో రేంజ్ ఆఫీసరుగా చేసి రిటైరయ్యాడు. గ్రూపుకు ఆయనే జడ్జి. ఫోటో పెట్టే ముందు పదిసార్లు చూసుకునేవాడిని. ఆయన తర్వాత గట్టివాళ్లు ఇద్దరు. ఒకరు చెన్నూరులో లెక్కల టీచరు. గోదావరి మీద పొగమంచును ఆమె తీసినట్టు ఎవరూ తీయలేరు. ఎదుటివాళ్ల ఫోటోల మీద మాత్రం ‘వంకరగా ఉంది’ అని ఒక్క ముక్క రాసి వదిలేస్తుంది. ఇంకొకరు కాగజ్‌నగర్‌లో మెడికల్ షాపు నడిపే ఆయన. చీమల ఫోటోలు తీస్తాడు. ఒక్కో చీమ గురించి అర పేజీ రాస్తాడు.

పరిచయం రాయమంటే ‘ప్రైవేట్ జాబ్’ అని రాశాను. అబద్ధం కాదు. కాకపోతే ఊరందరి పెళ్లిళ్లలో స్టేజీ మీద నిలబడి ‘మామయ్యగారూ, కొంచెం లోపలికి’ అని అరిచే పనిలో ప్రైవేటు ఏముందో నాకే తెలియదు. చెప్పేద్దామని అనుకునే లోపల జడ్జి సారు ఒకరోజు, ‘పెళ్లి ఫోటోగ్రాఫర్లంటే కెమెరా పట్టిన క్యాటరింగ్ వాళ్లు’ అని రాశాడు. నేను దానికి చప్పట్ల బొమ్మ పెట్టాను. అప్పుడు ఒక హల్దీ ఫంక్షన్‌లో ఉన్నాను. చేతికి పసుపు ఉంటే ఫోను తుడిచి మరీ పెట్టాను.

ఇక ఆ చలికాలం గ్రూపులో అందరం ఒకసారి కలుద్దామన్నారు, చివరికి వస్తామని నిలబడింది మేం నలుగురమే. ఆదిలాబాద్‌లో అయితే జలపాతాలు ఉన్నాయి కదా అన్నాను. జలపాతాలు ఎవరైనా తీస్తారు, పట్నం గల్లీల్లో బతుకును తీయాలి, కరీంనగర్ పెట్టుకుందాం అన్నాడు సారు. మిగతా ఇద్దరూ సరేనన్నారు. దారి చూపించే పని, నాది ఆ ఊరే కాబట్టి, నాకే పడింది.

వారం రోజులు దారి గురించే ఆలోచించాను. అందరూ పాత కట్టడాలు, ఎండ పడే తీరు చూసి దారి వేస్తారు. నేను పెళ్లిళ్లు చూసి వేశాను. ఈ గల్లీలో మూడు పెళ్లిళ్లు చేశాను, వద్దు. ఈ గల్లీలో ఒకే ఒక్క ఓణీల ఫంక్షన్, కానీ ఆ పిల్ల నాన్న పొద్దున్నే అరుగు మీద కూర్చుంటాడు, వద్దు. చివరికి ఊరి పాత ద్వారం కమాన్ అవతల ఒక్క గల్లీ తేలింది. అక్కడ నేను గుమ్మం తొక్కిన ఇల్లు ఒక్కటీ లేదు.

ఆదివారం పొద్దున గడియారం టవర్ దగ్గర కలిశాం. అంతకు ముందు సాయంత్రమే ముగ్గురూ వచ్చి చుట్టాల ఇళ్లలో దిగారు. జడ్జి సారును నేను ఆరడుగుల పులిలా ఊహించుకున్నాను. నా భుజం దాకా వచ్చాడు. మంకీ క్యాపు, పన్నెండు జేబుల కోటు. చీమలాయన అర పేజీలు రాసేవాడు కదా, నమస్తే అంటే తల ఊపాడు. ఎట్లా వచ్చారంటే ‘బస్సు’ అన్నాడు. టీచరమ్మ చేతిలో కెమెరానే లేదు.

“కెమెరా ఏది మేడం?” అన్నాడు సారు.

“గిదే సార్” అని సెల్లు చూపించింది.

“గా పొగమంచంత సెల్లుతోని తీసిందేనా?”

“కెమెరా అద్దం మీద మరకుంది సార్. తుడిస్తే మంచు పోతదని తుడుస్తలేను.”

సారు ఆ మంచుకు మూడేళ్లలో ఎన్నిసార్లు ‘అద్భుతం’ అని రాశాడో నాకు గుర్తుంది. ఆయనకూ గుర్తొచ్చినట్టుంది, మంకీ క్యాపు సర్దుకున్నాడు.

చాయ్ బండి దగ్గరే నాకు చిక్కులు మొదలయ్యాయి. బండి ఆయన గ్లాసు అందిస్తూ, “అన్నా, లగ్గాలు షురువైనయ్ గద, ఫుల్ బిజీనా?” అన్నాడు.

“ఆఫీసుల పని” అన్నాను.

పది అడుగులు వేయగానే స్కూటర్ మీద ఒకతను బ్రేకు వేసి, “అన్నా! మా తమ్మునిది మాఘంల, జర యాదుంచుకో!” అని అరిచి పోయాడు.

“ఏం యాదుంచుకోమంటుండు?” అన్నాడు సారు.

“చుట్టం సార్.”

ఇంకొకడు ఎదురొచ్చి చేయి ఊపాడు.

“గీయనగూడ చుట్టమేనా?”

“మాది పెద్ద కుటుంబం సార్.”

ఎట్లాగో కమాన్ దాటించాను. గల్లీలోకి తిరగగానే ప్రాణం లేచి వచ్చింది. అక్కడ ఒక పాత నీలం తలుపు ఉంది. రంగు పెచ్చులు ఊడి కింద కట్టె కనబడుతోంది, దాని మీద ఏటవాలుగా ఎండ. సారు చేయి ఎత్తి మమ్మల్ని ఆపాడు.

“ఉట్టి తలుపు తీస్తే ఫాయిదా లేదు భావూ” అన్నాడు. ఆయన మగవాళ్లందరినీ భావూ అంటాడు, అన్నా తమ్ముడూ అన్నట్టు, ఆదిలాబాద్ మాట. “గా తలుపు తీసుకొని ఎవలన్న బయటికొస్తరు సూడు, గా నిమిషం కోసం ఆగాలె. గదీ ఫోటో అంటే.”

నలుగురం గురిపెట్టి ఆగాం. ఐదు నిమిషాలు అయింది. తలుపు తెరుచుకుంది. చేతిలో బకెట్టుతో ఒక ఆవిడ బయటికి వచ్చింది. ఆ నిమిషాన్ని ముగ్గురు తీశారు. నేను తీయలేదు, ఎందుకంటే ఆవిడను గుర్తుపట్టాను. పోయినేడు వాళ్ల బిడ్డ పెళ్లి నేనే చేశాను. అప్పుడు వేరే పేటలో ఉండేవాళ్లు. ఇల్లు మారారని నాకేం తెలుసు? ఫోన్ ఎత్తితే కదా తెలిసేది!

“ఓ తమ్మీ!” అని బకెట్టు కింద పెట్టింది. నేను వెనక్కి తిరిగే లోపల కెమెరా బెల్టు పట్టుకుంది. “ఏడున్నవయ్యా ఇన్నొద్దులు? ఫోన్ జేస్తే ఎత్తవ్. దుకాణంకు పోతే బయటికి పోయిండంటరు. నా బిడ్డ పెండ్లి ఆల్బం ఏమాయె?”

“వచ్చే వారం అక్కా.” నోటికి అలవాటైన మాట, దానంతట అదే వచ్చింది.

“ఏ వారం? ఆల్బం రాకముందుకే మనుమరాలు పుట్టింది! ఇయ్యాలకు ఇరువై ఒక్క దినాలు, పిల్లను తొట్టెల్లేస్తున్నం!”

జడ్జి సారు కెమెరా దించాడు. “భావూ, నువ్వు పెండ్లి ఫోటోలు తీస్తవా?”

“అప్పుడప్పుడు సార్.”

“అప్పుడప్పుడేంది? మా చుట్టాలల్ల సగం పెండ్లిళ్లు గీయనయే” అందావిడ. కోపంలోనే ఉన్నా అందులో కొంచెం గర్వం కూడా వినపడింది. తర్వాత ఆవిడ చూపు మిగతా ముగ్గురి మీద పడింది. “గిప్పుడు మనుషుల్ని గూడ పెట్టుకున్నవా? గీ వయసాయనతోని లైట్లు మోపిస్తున్నవా? సిగ్గనిపిస్తలేదా నీకు?”

సారు కోటు జేబులు సర్దుకున్నాడు. టీచరమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

“మేం ఫోటోలోళ్లను పిలువలే. నీతోని ఒకసారి బుద్ధొచ్చింది, సెల్లుతోనే తీసుకుందామనుకున్నం. దేవుడే పంపిండు. నడువుండ్రి లోపలికి” అని బెల్టు వదలకుండానే నన్ను గడప దాటించింది. మిగతా ముగ్గురూ వెళ్లిపోవచ్చు. ఎవరూ వాళ్ల బెల్టు పట్టుకోలేదు. కానీ వెనకే వచ్చారు, ఎందుకో తర్వాత కూడా నేను అడగలేదు.

ఇక్కడ నా తప్పు ఒప్పుకోవాలి. ఆల్బం ఆలస్యం కావడానికి ప్రెస్సు కారణం కాదు, పెండ్లివాళ్లు ఫోటోలు ఏరి ఇవ్వకపోవడమూ కాదు. వాళ్లు పదో రోజే ఏరి ఇచ్చారు. పని అయ్యాక కంప్యూటర్ ముందు కూర్చుంటే, ఆ పిల్ల జీలకర్రబెల్లం ఫోటోను పక్కకు నెట్టి నేను ఒక ఎండుటాకును నలుపు చేస్తూ, తెలుపు చేస్తూ కూర్చునేవాడిని. జడ్జి సారు ‘బాగుంది’ అంటాడని. ఆ ఏడాదంతా ఆ ఇంటికి నేను చెప్పిన వారాలన్నీ అట్లా ఆకుల మీద, గుంటల మీద పోయాయి.

లోపల ముప్ఫై మంది దాకా ఉన్నారు. చీర కట్టిన తొట్టెల, మామిడాకులు, బంతిపూలు. బాలింత పీట మీద కూర్చుని ఉంది. నన్ను చూసి, “అన్నా, మంచిగున్నవా? బతికే ఉన్నవన్నట్టు” అంది. ఆ మాట అంటూనే బిడ్డ మొహం మీద గుడ్డ సవరించి నా వైపు తిప్పింది.

సారు ఒక మూల చూసుకుని నిలబడ్డాడు. పిల్ల ముత్తవ్వ, ఎనభై దాటినావిడ, తొట్టెల తాడు పట్టుకుని ఉంది. ముడతలు పడ్డ చేతులు, ఆ చేతుల్లో తాడు. సారు మోకాళ్ల మీద వంగి, ఊపిరి బిగబట్టి తీశాడు. నిజంగా మంచి ఫోటో. ముసలావిడ చూపించమంది. ఆయన గర్వంగా చూపించాడు.

“మొఖమేది?” అంది.

“మొఖం కాదవ్వా, చేతులు. నీ బతుకంత గా చేతులల్లనే కనవడ్తది.”

“చేతులు చూసి నన్నెవలు గుర్తుపడ్తరు బిడ్డా? నేను సచ్చినంక గోడకు చేతులు పెట్టుకుంటరా? సక్కగ మొఖం తియ్యి.”

ఆయన సక్కగా మొఖం తీశాడు. ఆవిడ కళ్లు మూసుకుంది. మళ్లీ తీశాడు. నాలుగోసారికి కుదిరింది. నన్ను చూసి తల వంచుకున్నాడు.

ఇక అందరి ఫోటో. ఆ పని చూసినవాళ్లకు అరుపులే వినపడతాయి. నాకు మాత్రం ఫోకస్ కన్నా ముందు అలకలు కనబడతాయి. ఎవరు ఎవరి పక్కన నిలబడరు, ఎవరు రెండోసారి పిలిస్తే గాని రారు. ఆ రోజు పిల్ల పెద్దతాత వాకిట్లో కుర్చీలో కూర్చుని మొహం పేపరులో పెట్టాడు. పేపరు ముందు రోజుది. మొదటి ఫోటోకు ఎవరూ పిలవలేదని. నేను వెళ్లి, “పెద్దబాపూ, నువ్వు నడుమ నిలవడకపోతే ఫోటో వంకరొస్తది” అన్నాను. రెండు నిమిషాలు బతిమిలాడించుకుని లేచాడు. లోపల టీచరమ్మ అప్పటికే పిల్లల్ని ఎత్తు ప్రకారం వరుసలో పెట్టేసింది. పెద్దవాళ్లు కూడా భయపడి చేతులు కట్టుకున్నారు. సారు చేత నిజంగానే లైటు పట్టించాను. ఎవరిదో ఎమర్జెన్సీ లైటు. పన్నెండు జేబుల కోటులో నిటారుగా నిలబడి పట్టాడు.

పాపను తొట్టెల మీది నుంచి ఒకరు, కింది నుంచి ఒకరు అందుకుంటూ ఆడవాళ్లు పాట ఎత్తుకున్నప్పుడు షార్జా నుంచి పిల్ల తండ్రి వీడియో కాల్‌లో ఉన్నాడు. పెళ్లయిన రెండు నెలలకే వెళ్లాడు, బిడ్డను ఇంకా ఎత్తుకోలేదు. ఫోను తొట్టెలలోకి పెడితే స్క్రీన్‌కు మొహం ఆనించి చూశాడు. పక్కన పనిచేసేవాళ్ల చప్పుడు వినపడింది. తర్వాత ఎవరో ఫోను నా వైపు తిప్పారు.

“అన్నా, బాగున్నవా? ఈడ రూముల దోస్తులకు పెండ్లి ఫోటోలు సూపెడ్తనని చెప్పిన. రేపు రేపని చెప్పుకుంట వస్తున్న.”

తిట్టినా బాగుండేది. వచ్చే వారం అనే మాట నాలుక దాకా వచ్చి ఆగిపోయింది. “తప్పయింది తమ్మీ” అన్నాను.

బగారా అన్నం, కోడికూర పెట్టారు. నలుగురం ఒకే వరుసలో కూర్చున్నాం. చీమలాయన, ప్రసాదం బెల్లం దగ్గర తనకు ఒక గండుచీమ దొరికిందని, అది తన తలకన్నా పెద్ద ముక్క ఎత్తిందని గడగడా చెప్పాడు. పొద్దున ‘బస్సు’ అన్న తర్వాత ఆయన మాట్లాడింది అదే.

చివరికి నేనే అన్నాను. “సార్, అబద్ధం చెప్పిన. మీరు క్యాటరింగోళ్లు అన్నరని భయపడ్డ.”

సారు బొక్క చీకడం ఆపాడు. “నా బిడ్డ పెండ్లిల ఫోటోలోడు డ్రోన్ ఎగిరేసిండు భావూ. సక్కగ నా తల మీదికెళ్లి పోనిచ్చిండు. గా గాలికి నా తలపాగ లేచి పరమాన్నం గిన్నెల పడ్డది. వీడియోల గూడ అచ్చింది. మా చుట్టాలు ఇప్పటికీ గదే పెట్టుకొని సూస్తరు. నేను ముప్ఫై ఏండ్లు అడివిల ఉద్యోగం జేసిన, పులిని సూసిన. ఎవలూ అడుగరు. తలపాగ గురించి అడుగుతరు.”

టీచరమ్మకు పొరపోయింది. చీమలాయన నీళ్లు అందించాడు. సారు ముందు బిర్రుగా కూర్చున్నాడు గాని, మా నవ్వు ఆగకపోయేసరికి ఆయనా నవ్వాడు.

ఆ తర్వాత తొమ్మిది రోజులు నేను ఆకు ముట్టలేదు, గుంట ముట్టలేదు. ఆల్బం తయారు చేసి, తొట్టెల ఫోటోలు కూడా చివర్లో కలిపి, నేనే తీసుకెళ్లి ఇచ్చాను. షార్జాకు అన్నిటినీ ఫోనులో పంపాను. అక్క ఆల్బం రెండుసార్లు తిప్పింది. “మంచిగనే ఉంది. నేనే నల్లగ పడ్డ” అంది.

గ్రూపులో పరిచయం మార్చి నా స్టూడియో పేరు రాశాను. ఇద్దరు ముగ్గురు వెళ్లిపోయారు. టీచరమ్మ అందరి ఫోటో పెట్టి, కింద ‘వంకరగా లేదు’ అని రాసింది. సారు ముసలావిడ చేతుల ఫోటోనే పెట్టాడు. చాలామంది మెచ్చుకున్నారు. ఆ సంగతి నేను ఆ ఇంట్లో చెప్పలేదు.

నెల తర్వాత సారు ఫోన్ చేశాడు. గొంతు తగ్గించి మాట్లాడుతున్నాడు.

“భావూ, మా రిటైరైనోళ్ల మీటింగ్ ఉన్నది. అందరి ఫోటో నన్నే తియ్యమంటుండ్రు. నలభై మంది దాక ఉంటరు. అండ్ల ఇద్దరు మాజీ ఆఫీసర్లకు మాటల్లేవు. ఎవర్ని ఏడ నిలబెట్టాలె?”

“ఇద్దరికీ విడివిడిగ చెప్పుండ్రి సార్, ‘నడుమ నిలవడేది మీరే’ అని.”

“ఇద్దరు నడుమకొస్తే?”

“మీరు గప్పుడే నొక్కుండ్రి.”