నలభై ఐదు దాటొద్దన్న మేస్త్రీ

మొన్న శుక్రవారం మధ్యాహ్నం నమాజు అయ్యాక, మా సౌండు మేస్త్రీ పోయాడని మసీదు మైకులో చెప్పారు. చిలకలూరిపేటలో నా పురుగుమందుల షాపు ఆ మసీదుకి బాగా దూరం. మధ్యలో హైవే, లారీల హారన్లు. అయినా ఒక్క మాట చెదరలేదు. ఆ మైకుకి ఆంప్లిఫయరు కుదిర్చి పెట్టింది ఆయనే. తన చావు కబురు కూడా ఊరికి శుభ్రంగా వినపడేలా చేసి వెళ్ళాడు.

పోయినవాళ్ళ గురించి రాసేటప్పుడు వాళ్ళతో తమ స్నేహం ఎలాంటిదో చెప్పుకుంటారు. నాకా హక్కు లేదు. ఆయన నాతో మాట్లాడి నాలుగేళ్ళయింది. తప్పు నాది. అది మీకు చెప్పడానికే ఇది రాస్తున్నాను.

కొత్త ఇల్లు కడుతున్నప్పుడు హాల్లో హోమ్ థియేటర్ పెట్టుకోవాలని నాకు కోరిక పుట్టింది. ఊళ్ళో స్పీకర్ల పని అంటే అప్పట్లో ఆయనే. పిలిస్తే వచ్చి, ప్లాస్టరింగ్ ఆరని హాలు మధ్యలో నిలబడి నాలుగు చప్పట్లు కొట్టాడు. ప్రతి మూలకీ వెళ్ళి మళ్ళీ కొట్టాడు. టీవీ ఎంత పెద్దదని అడుగుతాడనుకున్నాను. ఈ గదిలో ఎక్కువసేపు కూర్చునేది ఎవరని అడిగాడు. మా అమ్మ అన్నాను. అమ్మకి చెవులు మందగించాయి. సినిమాలో పాటలు వినపడతాయిగానీ మాటలు అర్థం కావు. అయితే అమ్మ కుర్చీ ఎక్కడ వేస్తారో చూపించమని, ఇసుక మీదే అక్కడ కూర్చుని కాసేపు కళ్ళు మూసుకున్నాడు. "అరుపు వేరు, వినపడటం వేరండి," అన్నాడు. స్పీకర్లన్నీ ఆ కుర్చీ కోసమే ఏరాడు.

ఆ స్పీకర్లు నాలుగు ఓంలవి. ఓంలు తగ్గేకొద్దీ స్పీకరు ఎక్కువ కరెంటు లాగుతుందని, దాన్ని తట్టుకునే రిసీవరే, అంటే స్పీకర్లని నడిపే ఆంప్లిఫయరు పెట్టే, కొనాలని విడమరిచి చెప్పాడు. నా బుర్రకి ఎక్కలేదని కనిపెట్టి మోటార్ల సంగతిలోకి దిగాడు.

"ఏడున్నర హార్స్ పవర్ మోటారుకి మూడు హార్స్ పవర్ స్టార్టరు పెడతారా? ఇదీ అంతే. పెట్టె మీద వాట్లు చూడమాకండి. వెనకాల ఓంలు చూడండి. ఎత్తి బరువు చూడండి."

బరువంతా లోపలి ట్రాన్స్‌ఫార్మర్‌దట, కరెంటు ఇచ్చేది అదేనట. ఒక మోడల్ పేరు కాగితం మీద రాసిచ్చాడు.

ఆ కాగితం జేబులో పెట్టుకుని బావమరిదితో గుంటూరు వెళ్ళాను. కాగితంలో ఉన్నది ఎనభై వాట్లది. దాని పక్కన పెట్టె మీద వెయ్యి అని అరచేయంత అక్షరాలు. దీనికోసమా ఇంతదూరం వచ్చామని బావమరిది నవ్వాడు. డబ్బా మీద బొమ్మ చూసి మందు కొనొద్దు, వెనకాల సన్నక్షరాలు చదవండని నేను రైతులకి రోజూ క్లాసు పీకుతుంటాను. ఆ రోజు నేను బొమ్మే చూశాను. వెయ్యి వాట్లది కొన్నాను. ఒంటిచేత్తో ఎత్తితే లేచింది.

మేస్త్రీ దాని వెనక చదివాడు. ఎనిమిది ఓంలకి తక్కువ స్పీకర్లు పెట్టకూడదని ఉంది. వెనక్కి ఇచ్చి రమ్మన్నాడు. గృహప్రవేశం ఎల్లుండి, నేను మొండికేశాను. ఆయన శాంతమూర్తేం కాదు, కోపమొస్తే ఎదుట ఎవరున్నారో చూడడు. నాలుగు చీవాట్లు పెట్టి, పెడుతూనే వైర్లు కలిపాడు. అంతా అయ్యాక రిసీవరు మీద సౌండు అంకెలు కనపడేచోట కింద ఎర్ర ఇన్సులేషన్ టేపు ముక్క అంటించి, మార్కరుతో 45 అని రాశాడు. సౌండు ఆ అంకె దాటిస్తే రిసీవరు తట్టుకోలేదు, ముందు చిన్న స్పీకర్లు కాలిపోతాయి, దాటించొద్దన్నాడు.

గృహప్రవేశం ఉదయం, మెరిసిపోతున్న కొత్త సామాను మీద ఆ ఎర్ర ముక్క నాకు ఎబ్బెట్టుగా కనిపించింది. పీకేశాను.

భోజనాల ముందు బావమరిది సౌండు డెబ్భైకి పెంచాడు. రిసీవరు రెండుసార్లు ఆగిపోయింది. రెండుసార్లూ మళ్ళీ వేశాడు. ఆ తర్వాత స్పీకర్లు గరగరమన్నాయి, పై శబ్దమంతా పోయి దుప్పటి కప్పి మాట్లాడినట్టయింది. హాలు నిండా చుట్టాలు, జిన్నింగ్ మిల్లుల వాళ్ళు, మిర్చి వ్యాపారులు. వాళ్ళలో ముగ్గురు తమ ఇళ్ళలోనూ మేస్త్రీ చేతే పెట్టించుకుందామని చూడటానికి వచ్చినవాళ్ళు. ఇంటికి పనిచేసినవాళ్ళకి మా వైపు గృహప్రవేశం నాడు బట్టలు పెడతాం. తాపీమేస్త్రీ, వడ్రంగి, పెయింటరు వరసగా నిలబడ్డారు. ఆ వరస చివర ఆయన ఉన్నాడు. అందరూ నావైపు చూశారు. నేను ఆయనవైపు చూశాను.

"వైరింగు తేడా చేశావు మేస్త్రీ," అన్నాను.

ఆయన రిసీవరు దగ్గరికి వెళ్ళి, టేపు ఉండాల్సినచోట వేలితో తడిమి చూశాడు. మళ్ళీ వచ్చి వరసలో నిలబడ్డాడు. నా భార్య పళ్ళెంలో పెట్టి ఇచ్చిన బట్టలు తీసుకున్నాడు. పాడుచేసినవాడికి కూడా బట్టలు పెట్టానని చుట్టాలు నన్ను మెచ్చుకున్నారు. ఆ మెప్పు నేను కాదనలేదు.

మూడో రోజు కాలినవి మార్చడానికి వచ్చాడు. రిసీవరు నేను మార్చలేదు, మారిస్తే తప్పు ఒప్పుకున్నట్టవుతుందని. మళ్ళీ ఎర్ర టేపు అంటించి, మళ్ళీ 45 రాశాడు. మాట్లాడిందంతా అమ్మతోనే. వెళ్ళేటప్పుడు మాత్రం గుమ్మంలో ఆగాడు.

"టేపు పీకింది మీరేగా?"

నేను గోడవైపు చూశాను.

"ఆ మాట ఆ రోజు అందరి ముందూ అనుంటే సరిపోయేదండి," అని మెట్లు దిగాడు. నాతో ఆయన చివరి మాట అదే.

ఆ ముగ్గురూ గుంటూరు నుంచి వేరేవాళ్ళని పిలిపించుకున్నారు. వాళ్ళని చూసి మిగతావాళ్ళూ పిలవడం మానేశారు. ఏడాది తిరక్కుండా ఆయన షాపు ఎత్తేసి జిన్నింగ్ మిల్లులో ఎలక్ట్రీషియన్‌గా చేరాడు. పొద్దస్తమానం పత్తి దుమ్ము. దగ్గు పట్టుకుందని విన్నాను. ఆ దగ్గే చంపిందని నేను అనను, కాదని కూడా అనలేను. రోడ్డు మీద ఎదురైనప్పుడల్లా ఆపి మాట్లాడాలనుకునేవాణ్ణి. రేపు చూద్దాంలే అనుకుంటూ నాలుగేళ్ళు దాటించాను. పిరికితనానికి ఇంకో పేరు పెట్టి లాభం లేదు.

శుక్రవారం సాయంత్రం ఆయన ఇంటికి వెళ్ళాను. ఆ ముగ్గురిలో ఒకాయన, మిర్చి వ్యాపారి, నా పక్క కుర్చీలో కూర్చున్నాడు. మేస్త్రీ పెద్దకొడుకు, పెళ్ళయి పిల్లలున్నవాడు, మా ఎదురుగా నిలబడి ఉన్నాడు.

"మంచోడేగానీ, మీ ఇంట్లో స్పీకర్లు కాల్చేశాడు కదా పాపం," అన్నాడు వ్యాపారి.

"ఆయన కాల్చలేదు. వద్దన్నదే కొన్నాను, ఆయన అంటించిన టేపు పీకేశాను. కాల్చింది నేను. నింద ఆయన మీద వేశాను," అన్నాను, కొడుక్కి వినపడేలా.

వ్యాపారి నా భుజం తట్టాడు. "పోయినోడి తప్పు నీ నెత్తినేసుకుంటున్నావు చూడు. పెద్దమనిషివయ్యా."

కొడుకు నావైపు ఒకసారి చూసి లోపలికి వెళ్ళిపోయాడు. నాకు ఉక్రోషం వచ్చింది. వ్యాపారిని పట్టుబట్టి మా ఇంటికి తీసుకొచ్చి, రిసీవరు మీద టేపు చూపించాను. ఆయన వంగి చదివాడు. కాల్చాక బుద్ధొచ్చి అంటించాడన్నమాట అని, టీ తాగి వెళ్ళిపోయాడు.

ఆ పక్కనే అమ్మ కుర్చీలో కూర్చుని సినిమా చూస్తోంది. సౌండు నలభై మీద ఉంది. ప్రతి మాటా ఆమెకి వినపడుతోంది.

ఆయన్ని కాపాడగలిగింది మొదటి టేపు ఒక్కటే. ఆ ఉదయం దాన్ని పీకి, ఉండలా చుట్టి, కిటికీలోంచి విసిరేశాను. వేళ్ళకి జిగురు పట్టుకుంది. పూజకి వేళవుతోందని పిలిచారు. పంచెకి తుడుచుకుని వెళ్ళి పీటల మీద కూర్చున్నాను.