పంటి వెనక గరుకు

పొద్దున కాఫీ అవగానే పళ్ల డాక్టరు తన కుర్చీ ముందుకు జరుపుకుంటాడు. ఎదురు కుర్చీలో కూర్చున్న ఆమె గడ్డం పట్టుకుని మొహాన్ని వెలుతురు వైపు తిప్పుతాడు. ఎడమ బొటనవేలితో పై పెదవి ఎత్తి, ముందు పన్ను కేసి కాసేపు చూస్తాడు. తర్వాత కుడి చూపుడువేలి గోరు ఆ పంటి వెనక్కి పోనిచ్చి పైనుంచి కిందికి నెమ్మదిగా లాగుతాడు. సగంలో గోరు ఆగుతుంది.

"ఇది నా చెయ్యే" అంటాడు.

ఆమె నోరు తెరిచే ఉంచుతుంది. ఆయన చూపు పంటి మీంచి పెదవికి, పెదవి మీంచి కళ్లకు వస్తుంది.

"బకెట్టూ, నువ్వా."

ఆమె ఆయన భార్య. అప్పటిదాకా "నొప్పి ఎప్పట్నుంచమ్మా" అని అడిగిన మనిషి కాసేపు మొగుడిలా మాట్లాడతాడు. కాఫీలో చక్కెర తక్కువైందంటాడు. గోడకు చెమ్మ దిగుతోంది, మేస్త్రీకి చెప్పమంటాడు. గ్లాసులు కడిగి వచ్చేసరికి ఆమె మళ్లీ పేషెంటు. మతిమరుపు జబ్బు వీధినీ, ఇంటినీ, తోబుట్టువులనూ తుడిచేసింది. చేతి పని ఒక్కటి మిగిలింది. దాన్ని పట్టుకునే ఆయన రోజుకోసారి ఆమె దాకా వచ్చి వెళ్తున్నాడు.

పెళ్లికి ముందు ఆమె నిజంగానే పేషెంటు. కుళాయి దగ్గర నీళ్ల బకెట్టు ఎత్తబోతే కడ్డీ జారి ముందు పంటికి తగిలింది. పన్ను విరగలేదు గానీ లోపల చచ్చిపోయి బూడిద రంగుకు తిరిగింది. చుట్టూ అరగదీసి క్యాప్ వేసేద్దామన్నారు పెద్ద డాక్టర్లు. అప్పుడే చదువు ముగించుకొచ్చిన ఈయన ఒప్పుకోలేదు.

"ఉన్న పన్ను చెక్కేశాక ఇంక బలం ఎక్కణ్ణుంచొస్తుందండీ? పంటి గోడ గట్టిగానే ఉంది" అన్నాడు.

వెనకనుంచి చిన్న కన్నం చేసి, రూట్ కెనాల్ ముగించి, కన్నాన్ని కాంపోజిట్ అనే పంటిరంగు ముద్దతో పూడ్చి, అది గట్టిపడేలా నీలి లైటు పట్టాడు. ఆయన చెయ్యి వణికిందో, ఆమెకు నవ్వొచ్చిందో, చివర ఓ మిట్ట మిగిలిపోయింది. వచ్చేసారి నున్నగా చేస్తానన్నాడు. వచ్చేసారి పన్ను సంగతే ఎత్తలేదు. మీ ఇంట్లో ఎవరితో మాట్లాడాలని అడిగాడు.

"మీ పని సగంలోనే ఉంది, డాక్టరుగారూ" అని ఆమె దెప్పేది.

"పూర్తిచేస్తే నువ్వు మళ్లీ రావుగా, బకెట్టూ" అనేవాడు.

ఆయన జబ్బు పడ్డాక ఒకరోజు కత్తెర దొరక్క ఆమె ఆయన మాత్రల అట్టను పళ్లతో చింపింది. టప్పుమంది. నరం లేని పన్ను నొప్పి చెప్పదు. పంటి అంచున మూల ఒకటి అరచేతిలో పడ్డాక గానీ తెలియలేదు.

మర్నాడు ఆయన పెదవి ఎత్తి అక్కడే ఆగిపోయాడు. గోరు వెనక్కి పోలేదు.

"ఎవరు విరగ్గొట్టారమ్మా? ఉండండి, ఇప్పుడే కడదాం."

లేచి సొరుగులన్నీ లాగాడు. చెంచాలూ, పెన్నులూ, తాళంచెవులూ బల్ల మీద వరసగా పేర్చుకున్నాడు. అన్నం పెడితే కంచం తోసేశాడు. "పేషెంటు నోరు తెరుచుకు కూర్చుంటే నేనెలా తింటాను" అన్నాడు. ఆ తర్వాతి పొద్దునా అంతే. బకెట్టూ అన్న పిలుపు లేదు.

ఆయన క్లినిక్ ఇప్పుడు ఆమె మరిది కూతురు నడుపుతోంది. ఆ పిల్లకు పని నేర్పింది ఆయనే. ఆమె అక్కడికే వెళ్లింది.

"మాత్రల అట్ట పళ్లతో చింపావా పెద్దమ్మా? ఇంట్లో ఇద్దరు డాక్టర్లుండి ఏం లాభం?"

"అందులో ఒకరు కత్తెర ఎక్కడ దాచారో చెప్పరే."

ఆ పిల్ల నవ్వబోయి మానుకుంది. క్యాప్ వేస్తే నిశ్చింతగా ఉండొచ్చంది.

"వద్దు. చెక్కావంటే మీ పెదనాన్న గుర్తుపట్టరు. ముందున్నట్టే కట్టు."

"సరే, మూలేగా. పెదనాన్న ఎక్కువ చెక్కలేదు కాబట్టే ఇన్నాళ్లూ నిలబడింది. కాంపోజిట్ పట్టుకోవడానికి పన్ను ఇంకా చాలా ఉంది. కానీ ఇకమీదట కొరకడాలు లేవు."

ఆ కాస్త బూడిద రంగు కూడా కలిసేలా కట్టి అద్దం అందించింది. ఏ మూల విరిగిందో ఆమెకే తెలియలేదు.

"వెనక కూడా నున్నగా చేసేశాను పెద్దమ్మా. ఏదో మిట్ట ఉంది, ఇన్నాళ్లూ నాలుకకు గుచ్చుకోలేదూ?"

యంత్రం వెనక తిరుగుతున్నప్పుడు ఆమె నోటినిండా దూది. అదీ మరమ్మతే అనుకుంది. ఇప్పుడు నాలుక అక్కడికి వెళ్లి జారిపోయింది. పొద్దున్నే ఆయన గోరు ఎక్కడ ఆగేదో ఆమెకు అప్పుడు తెలిసింది.

"అది మళ్లీ పెట్టగలవా?"

"ఎందుకూ?"

ఆమె చెప్పింది. ఆ పిల్ల మళ్లీ గ్లౌజులు వేసుకుంది. ఓ చుక్క కాంపోజిట్ అంటించి లైటు పట్టింది.

"ఇక్కడేనా?"

"కాస్త కిందికి."

"ఇలాగా?"

నాలుకకు అది పరాయిగానే ఉంది. సరేనంది.

ఇంటికి రాగానే వెళ్లి ఆయన ఎదుట కూర్చుని మొహం ఎత్తింది. ఆయన పెదవి ఎత్తాడు. మూలను చూసి తృప్తిగా తలూపాడు. గోరు వెనక్కి వెళ్లింది. సగంలో ఆగింది.

గోరు ఇంకోసారి పైనుంచి వచ్చింది. మళ్లీ ఆగింది.

"ఇది మిగిలిపోయింది కాదు" అన్నాడు. "ఎవరో కావాలని పెట్టారు. పని తెలిసినవాళ్లే. నా చెయ్యి కాదు."

చూపు పంటి దగ్గరే ఉండిపోయింది. పెదవి వదిలేసి, వేళ్లు తుండుతో తుడుచుకున్నాడు.

"బాగానే ఉందమ్మా. మీరు వెళ్లొచ్చు."

మర్నాడు పొద్దున ఆమె లేచేసరికే ఆయన ఉతికిన చొక్కా తొడుక్కుని ముందుగదిలో ఉన్నాడు. ఆమె కాఫీ ఇచ్చి ఎదురు కుర్చీలో కూర్చోబోయింది.

"కాస్త పక్కకు కూర్చోండమ్మా, ఏమనుకోకండి" అన్నాడు. "అది ఒకావిడ కుర్చీ. బకెట్టు తగిలి ముందు పన్ను పాడైంది. నేనే కట్టాను. ఇంకొంచెం పని మిగిలుంది. రోజూ ఈ వేళకు వస్తుంది."

ఆమె పక్కకు కూర్చుంది. ఆయన ఖాళీ కుర్చీని వెలుతురుకు తిప్పి, తలుపు వైపు చూస్తూ కూర్చున్నాడు.