షాపింగ్ సెంటర్‌లో పేరు పెట్టి పిలిచాను

గని టౌన్‌షిప్‌లో మాకు బజారన్నా, షికారన్నా షాపింగ్ సెంటరే. రెండు వరసల కొట్లు, మధ్యలో సిమెంటు బల్లలు, అన్నిటి మీదా ఎర్రటి ఇనపదుమ్ము. నాన్న రైల్వే గ్యాంగ్‌లో పనిచేసేవారు. విజయనగరం వైపు నుంచి బస్తర్‌లోని కిరండూల్ లైనుకి వచ్చిన కుటుంబం మాది. ఆదివారం వస్తే నా కాళ్ళు ఇంట్లో నిలిచేవి కావు. గాజుల కొట్లో ఏమీ కొనకుండా అరగంట నిలబడేదాన్ని. గుప్‌చుప్ అనే పానీపూరీల బండివాడు పులుపు నీళ్ళు అడిగినన్నిసార్లు పోసేవాడు. అన్నిటికంటే నాకిష్టం మూల మీది టిఫిన్ హోటల్. అక్కడి మసాలా దోసె గొప్పదేం కాదు, చట్నీ ఉత్త నీళ్ళే. కానీ గని ఆఫీసర్ల కుటుంబాలు జీపుల్లో దిగి అక్కడే తినేవి. అసలు సంగతి అదే, నేను వాళ్ళను చూడ్డానికి పోయేదాన్ని.

నాతో వచ్చేది ఒక్కతే, తెలంగాణ సరిహద్దున కిష్టారం దగ్గరి తెలుగు రైతుల బిడ్డ. బడి హాస్టల్లో ఉండేది, క్లాసులో నా పక్కన కూర్చునేది. ఒకసారి మా ఇంట్లోవాళ్ళం రైల్వే పాసు మీద పూరీ వెళ్ళి, అక్కడ ఎండబెట్టి ఇచ్చే అన్నం ప్రసాదం తెచ్చాం. తనకు కాస్త పెట్టబోతుంటే, కూతుర్ని చూడ్డానికి వచ్చిన వాళ్ళమ్మ మా ఇద్దరినీ ఎదురెదురుగా కూర్చోబెట్టి, ఆ ఎండు మెతుకులు ఒకరి నోట్లో ఒకరి చేత పెట్టించింది. బస్తర్‌లో ఇలా ప్రసాదం పంచుకున్నవాళ్ళు చుట్టాలకంటే దగ్గరవుతారు. ఆపైన చచ్చేదాకా పేరు పెట్టి పిలుచుకోకూడదు, 'మహాపర్సాద్' అనే అనాలి. పేరు పలికితే ఆ బంధం తెంచుకున్నట్టే.

"ఏటే ఇది, బొమ్మల పెళ్ళా?" అని మా అమ్మ నవ్వింది. నేను మాత్రం ఏడాదికి పైగా ఆ మాట తప్పలేదు.

పదో తరగతిలో ఒక ఆదివారం, హోటల్లో ఆఫీసర్ల అమ్మాయిలు ముగ్గురు నన్ను తమ బల్ల దగ్గరికి పిలిచారు. ఆ పిలుపు కోసం ఎన్నాళ్ళ నుంచో కాచుకుని ఉన్నాను. కూర్చున్నానో లేదో, నన్ను వెతుక్కుంటూ వచ్చిన తను గుమ్మంలోంచి గట్టిగా అడిగింది: "ఏంది మహాపర్సాద్, నన్నిడిచి వచ్చినవ్? నాకింత జాగ ఇయ్యి."

ముగ్గురూ మొహాలు చూసుకున్నారు. "యే కౌన్ హై?" అంది ఒకమ్మాయి.

నేను తనను పేరు పెట్టి పిలిచాను. బడి హాజరు పట్టీలో ఉన్నట్టు పూర్తి పేరు. "నువ్వు హాస్టల్‌కి వెళ్ళు, తర్వాత మాట్లాడతాను" అన్నాను. నోరు జారి అన్నది కాదు, తెలిసే అన్నాను.

తను గుమ్మం దిగి వెళ్ళిపోయింది. నేను సిగ్గులేకుండా దోసె మొత్తం తిన్నాను. ఆ తర్వాత కూడా బడిలో తను నాతో మాట్లాడేది, కానీ నన్ను ఏమనీ పిలిచేది కాదు. తప్పయిందని చెప్పడానికి నాకు పరీక్షలదాకా గడువుంది. చెప్పలేదు.

మూడేళ్ళకు వాళ్ళమ్మ బస్సులు మారి మారి వచ్చి, గాజుల కొట్టు ముందు నన్ను పట్టుకుంది. "బిడ్డ లగ్గం పెట్టుకున్నం. ముందుగాల మహాపర్సాదే పసుపు రాయాలె. నువ్వు తప్పకుంట వస్తవని చెప్పింది" అంటూ నా తల నిమిరింది.

జరిగింది తను ఇంట్లో చెప్పనే లేదన్నమాట. మూడేళ్ళుగా కన్నతల్లి ముందు నా పరువు కాపాడుతూ వచ్చింది. వస్తానన్నాను. ఆవిడ సంబరంగా వెళ్ళింది.

నేను వెళ్ళలేదు, కబురూ పంపలేదు. దారి బాగోదనీ బస్సులు దొరకవనీ ఇంట్లో చెప్పాను. అవన్నీ సాకులే, తన ముఖంలోకి చూసే ధైర్యం నాకు లేదు. చాలా ఏళ్ళకు రైల్లో మాటల మీద పక్కనున్నాయన తన మేనమామేనని తెలిసి, నేనెవరో చెప్పకుండా ఆ పెళ్ళి సంగతి అడిగాను.

"పొద్దెక్కేదాక పసుపు ఆపినం" అన్నాడాయన. "మహాపర్సాద్‌కు పానం బాగలేదంట, కబురొచ్చిందని పెండ్లిపిల్లే అందరికి చెప్పింది."