ఏడో గ్రీన్ మీద అడుగులు

దెయ్యాలంటే నాకు మొదట్నుంచీ నవ్వులాటే. మాది అనంతపురం, చదివింది అగ్రికల్చర్. ఎవరైనా అలాంటి కథ ఎత్తుకుంటే టీ తాగొస్తానని లేచిపోయేవాణ్ణి. ఇప్పుడు నేనే చెప్పాల్సి వచ్చింది.

బెంగళూరు శివార్లలో ఒక గోల్ఫ్ కోర్సులో గడ్డి బాధ్యత నాది. జెండా పాతిన గుంత చుట్టూ నున్నగా కత్తిరించిన గడ్డి ఉంటుందే, దాన్ని గ్రీన్ అంటారు. గుంతకొకటి చొప్పున వరుసగా నంబర్లుంటాయి. ఎండాకాలంలో దాన్ని పసిపిల్లలా చూసుకోవాలి.

దాని దాహం తెలుసుకోవడానికి ఒక పాత గుర్తుంది. అడుగు వేసి తీస్తే తడి ఉన్న గడ్డి మళ్ళీ లేచి నిలబడుతుంది. దాహంతో ఉన్నది లేవదు, పాదం అచ్చు అలాగే ఉండిపోతుంది.

మునియప్పకు ఆ గుర్తు కూడా అక్కర్లేదు. ఇరవై ఏళ్ళుగా అక్కడ మాలీ. ఎడమ పాదం కాస్త బయటికి తిప్పి వట్టి కాళ్ళతో నడిచి, ఇక్కడ నీళ్ళు తక్కువ అని చెప్పేసేవాడు. నేను వచ్చాక, మందులు కొట్టే నేల మీద వట్టి కాళ్ళేమిటని బూట్లు తప్పనిసరి చేశాను. చేతికి తేమ మీటరు ఇచ్చాను.

"కాలికి కండ్లుండాయి సార్, బూటుకు లేవు" అన్నాడు.

నేను వింటేగా! నెల తిరక్కుండా ఆ కొత్త బూట్లతోనే పంపుహౌస్ మెట్ల మీద జారిపడ్డాడు. నడుము విరిగింది. అప్పట్నుంచీ హొసకోటెలో ఇంట్లో మంచం మీదే ఉన్నాడు. నేను ఒక్కసారి కూడా చూడటానికి పోలేదు. ఏ మొహం పెట్టుకుని పోను?

మరుసటి వేసవిలో బోర్లన్నీ ఎండిపోయాయి. దూరంగా ఉన్న పొడుగు గడ్డిని ఎండకు వదిలేసి, ట్యాంకరు నీళ్ళతో గ్రీన్లు మాత్రం తడిపేవాళ్ళం. అయినా ఏడో గ్రీన్ పసుపెక్కసాగింది. మీటరు పెట్టే తొమ్మిది చోట్లా తేమ బాగానే ఉంది. ఎందుకు చస్తోందో అర్థం కాక నా తల ప్రాణం తోకకొచ్చింది. అది పోతే నా ఉద్యోగమూ పోతుందని పైవాళ్ళు ముందే చెప్పారు.

ఒక మధ్యాహ్నం ఆ గ్రీన్ మీద వట్టి కాళ్ళ ముద్రలు కనిపించాయి. అంచు నుంచి లోపలికి వెళ్ళి ఒకచోట ఆగిపోయాయి. తిరిగి వచ్చిన అడుగులు లేవు. పనివాళ్ళందరి మీదా అరిచాను.

"మా కాళ్ళకు బూట్లుండాయి కద సార్, ఎవుర్ని తిడతాండారు?" అంది కలుపు తీసే వెంకటమ్మ.

మూడు రోజులు అదే తంతు. నాలుగో రోజు అందరూ భోజనానికి వెళ్ళాక నేనే కాపలా కూర్చున్నాను. చుట్టూ ఎవరూ లేరు. నోట్‌బుక్‌లో రెండు ముక్కలు రాసుకుని తలెత్తేసరికి ఐదు అడుగులున్నాయి. చూస్తుండగానే ఆరో చోట గడ్డి అణిగింది.

ఎడమ పాదం బయటికి తిరిగి ఉంది. అలా నడిచే మనిషి నాకు ఒక్కడే తెలుసు. అతను నడవలేడు.

చివరి అడుగు దగ్గర మీటరు గుచ్చాను. మట్టి బూడిదలా ఉంది, చుక్క తేమ లేదు. పైపు లాగి నీళ్ళు పెట్టాను. సాయంత్రానికి ముద్రలు చెరిగిపోయాయి. మర్నాడు అడుగులు ఇంకోచోట ఆగాయి. అక్కడా తడిపాను. వానలు పడేదాకా అడుగులు ఎక్కడ ఆగితే అక్కడ నీళ్ళు పెట్టాను. గ్రీన్ బతికింది. దీని గురించి ఎవరికీ ఒక్క మాట చెప్పలేదు.

మొదటి వాన తర్వాత హొసకోటె వెళ్ళాను. మునియప్ప భార్య కుర్చీ వేసింది.

"ఎండాకాలమంతా మధ్యాన్నమైతే చాలు, కాళ్ళు కాలతాండాయని అరిచినాడు సార్. సూది గుచ్చినా తెలీని కాళ్ళు! చెంబుతో నీళ్ళు పోస్తా ఉంటి. వాన పడినాక నిలిచిపాయె."

మునియప్ప నా వైపు తల తిప్పాడు.

"ఏడోది బతికినాది కద సార్?"

తలూపాను.

"మొదట మూడు దినాలు మీరు నీళ్ళు పెట్టకపోతిరి. చానా కాలె" అన్నాడు.

మన్నించమని అతని పాదాలు రెండూ గట్టిగా పట్టుకున్నాను. నా చేతులు తగిలిన సంగతి కూడా అతనికి తెలియలేదు.